పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగాక బోటు జెట్టీకి ఎలా చేరాలి?

మా అక్కను అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ ఇచ్చి ఇరవై రెండేళ్లయింది. అప్పట్నుంచి బరంపురం నుంచి ఏడాదికి ఒకసారైనా వెళ్లి వస్తూనే ఉన్నాను. మొదట్లో అమ్మను తీసుకెళ్లేవాణ్ణి, తర్వాత పిల్లల్ని. ఇప్పుడు మా వీధివాళ్లు, పర్లాకిమిడి చుట్టాలు కూడా నా వెంటే బయలుదేరుతున్నారు. వెళ్లినప్పుడల్లా మనవైపు వాళ్లు అక్కడ ఒకే చోట దెబ్బతినడం చూస్తున్నాను. వేలకు వేలు పోసి విమానం ఎక్కుతారు, సముద్రం దాటి క్షేమంగా దిగుతారు. తీరా ఎయిర్‌పోర్టు నుంచి, హేవ్‌లాక్, నీల్ లాంటి దీవులకు బోటు ఎక్కే రేవుకు, అదే జెట్టీకి, ఉన్న ఐదారు కిలోమీటర్లలో బోటు పోగొట్టుకుంటారు. ఒక్క అరగంట శ్రద్ధ పెట్టి చదివితే మీకు ఆ గతి పట్టదు.

వెంట ఉండాల్సినవి

ఒరిజినల్ ఆధార్, బోటు టికెట్ ప్రింటు, కొంత నగదు, మంచినీళ్లు. ఇంతే. టికెట్ ఫోన్‌లో ఉంది కదా అనకండి, ప్రింటు తీయించండి. ఫోన్ ఒకరి దగ్గర ఉంటుంది, ఆ ఒకరు ఎక్కడో లగేజీ దగ్గర ఉంటారు.

పేరు సంగతి మాత్రం ఇంట్లోనే చూసుకోండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశాలో కార్డుల మీద చివర రాస్తారు. ఒక చోట పొడి అక్షరం, ఇంకో చోట పూర్తి ఇంటిపేరు ఉంటుంది. ఆధార్ మీద ఎలా ఉందో విమానం టికెట్ మీద, బోటు టికెట్ మీద అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి.

అక్కడి చుట్టాలకు ఆవకాయ పట్టుకెళ్లేవాళ్లు జాడీని చేతి సంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు. మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో కట్టి, పాత తువ్వాలు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. అప్పడాలు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, లేకపోతే పొడి అప్పచెప్పాల్సి వస్తుంది.

టికెట్ మీద పేర్లు చూసి కంగారు పడకండి

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయ పురం అని మార్చారు. హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని 2018 డిసెంబర్‌లోనే పేర్లు పెట్టారు. టికెట్ మీద ఏ పేరున్నా ఊరు అదే. జనం నోట మాత్రం ఇప్పటికీ పాత పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. ఆటో వాళ్లకు రెండూ తెలుసు.

ఎయిర్‌పోర్టు

దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2023 జూలైలో ప్రారంభమైన కొత్త టెర్మినల్ విశాలంగా ఉంటుంది, దారి తప్పే చోటు కాదు. ఈ ఎయిర్‌పోర్టులో నేవీ స్థావరం కూడా ఉంది కాబట్టి విమానం దిగేటప్పుడు కిటికీలోంచి ఫొటోలు, వీడియోలు తీయకండి. లగేజీ తీసుకుని, బాత్‌రూమ్ పని ఇక్కడే ముగించుకుని బయటికి రండి.

ఏ జెట్టీ? అసలు సంగతి ఇక్కడే ఉంది

బయటికి రాగానే డ్రైవర్ అడుగుతాడు, "జెట్టీ? కౌన్‌సా జెట్టీ?" అని. మనవాళ్లు "హేవ్‌లాక్ బోటు జెట్టీ" అంటారు. అతను తనకు తోచిన చోటికి తీసుకెళ్తాడు. తప్పు అతనిది కాదు. గోపాల్‌పూర్ బీచ్ అంటే మనకు ఒకటే బీచ్. పోర్ట్ బ్లెయిర్‌లో జెట్టీ అంటే అలా ఒకటి కాదు.

చెప్తాను, శ్రద్ధగా చదవండి. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ప్రభుత్వ బోట్లు బయలుదేరతాయి. దీవుల్లో ఉండే జనం ఎక్కువగా వాడేది ఇదే. హడ్డో వార్ఫ్ ఇంకొకటి. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి వచ్చే పెద్ద ఓడలు ఆగేది అక్కడ. హేవ్‌లాక్, నీల్ వెళ్లే ప్రైవేటు ఏసీ బోట్లు ఇప్పుడు ఎక్కువగా బయలుదేరేదీ ఆ హడ్డో నుంచే. మూడోది అబర్డీన్ బజార్‌కు కింద, వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ దగ్గర ఉంటుంది. రాస్ ఐలండ్‌కు, నార్త్ బేకు వెళ్లే చిన్న బోట్లు అక్కడ ఎక్కాలి. హేవ్‌లాక్ వాళ్లకు అక్కడ పనే లేదు. నాలుగోది చాథమ్. 1883 నాటి రంపపు మిల్లు ఉన్న చిన్న దీవి అది. అక్కడి నుంచి బండ్లను ఎక్కించుకుని అవతలి ఒడ్డున ఉన్న బాంబూ ఫ్లాట్‌కు వెళ్లే బోటు ఉంటుంది. జంగ్లీఘాట్‌లో చేపల పడవలు ఆగే జెట్టీ వేరే. ఇన్ని ఉన్న ఊళ్లో ఉత్త "జెట్టీ" అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది?

మా వదినగారి పుట్టింటివాళ్లకు జరిగింది చెప్తాను. ఐదుగురు, అందులో ఇద్దరు పెద్దవాళ్లు. టికెట్లు మన ఊళ్లోనే ఒక ఏజెంటు దగ్గర తీసుకున్నారు. అతను వాట్సాప్‌లో "పోర్ట్ బ్లెయిర్ జెట్టీ, పొద్దున్నే రిపోర్ట్ చేయాలి" అని ఒక్క ముక్క పంపాడు. వీళ్లది ప్రైవేటు బోటు, హడ్డో వెళ్లాలి. డ్రైవర్ ఫీనిక్స్ బేకు తీసుకెళ్లాడు. అక్కడ జనం, లైను, బోట్లు అన్నీ కనబడ్డాయి కదా, సరిగ్గానే వచ్చామనుకుని పెట్టెలు దింపేసుకుని ఆటోను పంపేశారు. లైనులో ముప్పావు గంట నిలబడ్డారు. గేటు దగ్గర మనిషి టికెట్ చూసి "యే హడ్డో కా హై" (ఇది హడ్డోది) అన్నాడు. రెండు జెట్టీలకూ మధ్య దూరం రెండు మూడు కిలోమీటర్లే. కానీ ఆ వేళకు ఆటో దొరకాలి, ఐదుగురు ఎక్కాలి, పెట్టెలు ఎక్కాలి. వాళ్లు హడ్డో చేరేసరికి గేటు మూసేశారు. బోటు కళ్ల ముందే ఉంది. పెద్దాయన గేటు కమ్మీ పట్టుకుని బోటు కదిలేదాకా అలాగే నిలబడిపోయారట. డబ్బులు తిరిగి రాలేదు. ఆ రోజు వేరే బోటులో సీట్లు కూడా లేవు.

కాబట్టి టికెట్ చేతికొచ్చిన రోజే జెట్టీ పేరు ఎక్కడుందో వెతికి పెన్నుతో చుట్టండి. కనబడకపోతే ఏజెంటుకు ఫోన్ చేసి "ఫీనిక్స్ బేనా, హడ్డోనా?" అని ఈ రెండు పేర్లూ పెట్టి అడగండి. "జెట్టీకి వెళ్తే తెలుస్తుంది" అంటే ఒప్పుకోకండి, రాసి పంపమనండి.

ప్రయాణానికి ముందు రోజు ఇంకోసారి కనుక్కోండి. ప్రైవేటు బోటు కదా, హడ్డోయే అని ఊరుకోకండి. బోటు ఎక్కే చోటు మారడం గతంలో జరిగింది. టికెట్ మీద, చివరగా వచ్చిన మెసేజ్‌లో ఏముందో అదే లెక్క. పోయినేడు వెళ్లొచ్చిన మీ తోడల్లుడు చెప్పింది లెక్క కాదు, నేను ఇక్కడ రాసిందీ లెక్క కాదు.

ఆటో ఎక్కేటప్పుడు జెట్టీ పేరొక్కటే సరిపోదు, బోటు పేరు కూడా చెప్పాలి. "హడ్డో వార్ఫ్, ఫలానా బోటు, ఇన్ని గంటలకు" అనండి. పేరు వినగానే సరైన గేటు దగ్గర ఆపుతారు. టికెట్ ప్రింటు వాళ్లకు చూపించండి. హిందీ సరిగా రాకపోయినా భయం లేదు. అక్కడ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు బోలెడు. నేనైతే ముందు తెలుగులోనే పలకరిస్తాను. "మీదే ఊరు బాబూ?" అంటే కవిటి అనో సోంపేట అనో జవాబు వచ్చిన రోజులున్నాయి.

ఇక జెట్టీ దగ్గర దిగాక ఆటోను వెంటనే పంపేయకండి. ఒకరు వెళ్లి గేటు దగ్గర టికెట్ చూపించి "ఇదేనా?" అని అడిగి రావాలి. మిగతావాళ్లు, లగేజీ ఆటోలోనే ఉండాలి. అవునన్నాకే పెట్టెలు దించండి. ఆటో అతనికి పది నిమిషాల ఆలస్యానికి ఇంకో ఇరవై రూపాయలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఏ బండి ఎక్కాలి?

ఇద్దరైతే ఆటో, నలుగురైతే టాక్సీ. ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి, లగేజీతో కలిపి ఎంతో అడగండి. సిటీ బస్సు వద్దు. అది మిమ్మల్ని అబర్డీన్ బజార్ దగ్గరి బస్టాండులో దించుతుంది, అక్కడి నుంచి మళ్లీ ఆటో వెతుక్కోవాలి.

ప్యాకేజీ వాళ్ల వ్యానూ వద్దనే నేను చెప్తాను. ఆ వ్యాను మీ ఒక్కరి కోసం రాదు. ఇంకో విమానంలో వచ్చే కుటుంబం కోసం ఆగుతుంది, తర్వాత హోటల్ దగ్గర ఇంకొకరిని ఎక్కించుకుంటుంది. ఈలోగా మీ గుండె దడదడలాడుతుంటుంది. బండి మనదైతే టైము మన చేతిలో ఉంటుంది. ప్యాకేజీలో ఊళ్లన్నీ తిరగండి, తప్పులేదు, బోటుకు మాత్రం మీ బండిలో వెళ్లండి.

ట్రాఫిక్ లేకపోతే ఏ జెట్టీకైనా పదిహేను, ఇరవై నిమిషాలు. ఆఫీసులు, స్కూళ్ల వేళ అయితే ఇంకో పావుగంట వేసుకోండి. ఊరంతా ఎత్తుపల్లాలే, రోడ్లు సన్నం.

విమానానికీ బోటుకూ మధ్య ఎంత టైము?

నేను పెట్టుకున్న నియమం మూడు గంటలు. అంతకన్నా తక్కువైతే ఆ రోజు బోటు బుక్ చేయను. విమానం అరగంట లేటు, లగేజీకి అరగంట, దారి అరగంట, బోటు దగ్గర గంట ముందు ఉండాలి. ఇవి కలిపితేనే రెండున్నర గంటలైపోయాయి.

అసలు మంచి పద్ధతి ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండి మర్నాడు పొద్దున బోటు ఎక్కడం. దిగిన రోజు సాయంత్రం సెల్యులార్ జైలు చూడొచ్చు. వానాకాలంలో అయితే మాత్రం ఆ రాత్రి అక్కడ ఉండటం తప్పనిసరి. వాతావరణం బాగోకపోతే విమానాలు దిగలేక వెనక్కి మళ్లుతాయి, బోట్లు రద్దవుతాయి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల సంగతి మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. 2013లో పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటకముందు అండమాన్ మీదుగానే వచ్చింది. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు రోజూ వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. హేవ్‌లాక్ నుంచి వచ్చిన రోజే విమానం ఎక్కేలా టికెట్లు తీసుకోవడం నాకు అస్సలు నచ్చదు.

గేటు లోపల, బోటులో

ఇక్కడ పద్ధతి చిన్న ఎయిర్‌పోర్టులా ఉంటుంది. ఆధార్, టికెట్ చూస్తారు, లగేజీ తనిఖీ చేస్తారు. పెద్దవాళ్ల ఆధార్‌లు వాళ్ల చేతుల్లోనే పెట్టండి, ఒకరి సంచిలో అందరివీ కుక్కకండి.

ప్రైవేటు బోటులో హేవ్‌లాక్‌కు గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ బోటులో రెండున్నర గంటల దాకా పడుతుంది. కడుపు నిండా తిని ఎక్కకండి. మా అక్క అందరికీ రెండు బిస్కెట్లు, కాస్త అల్లం ముక్క ఇచ్చి ఎక్కిస్తుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందే డాక్టర్ని అడిగి మాత్ర తెచ్చుకోండి. దాన్ని బోటు కదిలాక వేసుకుంటే లాభం లేదు, బయలుదేరడానికి అరగంట ముందే వేసుకోవాలి. సీటు ఎంచుకునే అవకాశం ఉంటే కింది అంతస్తులో, మధ్యలో గానీ వెనక గానీ తీసుకోండి. ముందు వరసలో అద్దాలు బాగుంటాయి గానీ ఊపంతా అక్కడే ఉంటుంది. ఫోన్ చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే చోటు చూస్తూ కూర్చోండి. ఒడ్డు కనుమరుగయ్యాక సిగ్నల్ పోతుంది, కాబట్టి హేవ్‌లాక్‌లో హోటల్ వాళ్లకు చేయాల్సిన ఫోన్ హడ్డోలో ఉండగానే చేసేయండి.