చైన్ల మీద నడిచే సైనిక బండి – 3వ పాఠం: నేల ఎంత బరువు ఆపుతుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన ఫోటోల దగ్గర చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకేచోట తడబడ్డారు. చైన్లు, పైన తిరిగే టరెట్ కనిపించగానే ట్యాంకు అని రాసేశారు. కానీ అవి సైనికులను మోసే బండ్లు. తేడా తెలియాలంటే ముందు బండి వెనక భాగం చూడాలి. అలా సైనికులను మోసే బీఎంపీ-2 అనే బండికి ఇంజన్ ముందు ఉంటుంది, వెనక రెండు తలుపులుంటాయి. వెనక కూర్చున్న సైనికులు వాటిలోంచే దిగుతారు. ఆ తర్వాత ఫిరంగి చూడాలి. 1990లో యూరప్‌లో ఆయుధాలు తగ్గించుకోవడానికి రాసుకున్న ఒప్పందం ప్రకారం, సైనికులను మోసే బండికి కనీసం 20 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంటేనే అది పోరాట బండి. బీఎంపీ-2కు 30 మిల్లీమీటర్లది ఉంది.

ఇక ఈరోజు పాఠం. మహారాష్ట్రలోని మన సిరొంచ వైపు వరి కోతలప్పుడు వాన పడితే ఏమవుతుందో మీకు తెలుసు. మొన్న మా పక్క మడిలో టైర్ల కోత మిషన్ ఇరుసు దాకా దిగబడింది. ట్రాక్టర్ కట్టి లాగితే ట్రాక్టర్ కూడా దిగబడింది. సాయంత్రం చైన్ మిషన్ వచ్చి అదే మడిలో కోత పూర్తి చేసి వెళ్లింది. గట్టు మీద కూర్చుని చూశాను. చైన్ పోయినచోట గాడి నాలుగు వేళ్ల లోతు కూడా లేదు.

ఎందుకో లెక్క వేద్దాం. బీఎంపీ-2 బరువు సుమారు 14,300 కిలోలు. ఒక్కో చైన్ వెడల్పు 30 సెంటీమీటర్లు, నేలకు ఆనే పొడవు దాదాపు 350 సెంటీమీటర్లు. 30ని 350తో గుణిస్తే 10,500. రెండు చైన్లకు 21,000 చదరపు సెంటీమీటర్లు. బరువును దీనితో భాగిస్తే 0.68. అంటే చదరపు సెంటీమీటరు నేల మీద ముప్పావు కిలో కూడా పడదు.

ఇప్పుడు గళ్ల కాగితం మీద మీ పాదం పెట్టి చుట్టూ గీత గీయండి. గళ్లు లెక్కపెడితే 200 చదరపు సెంటీమీటర్లకు అటూ ఇటూ వస్తుంది. 60 కిలోల మనిషి నడుస్తూ ఒంటికాలి మీద ఉన్న క్షణంలో 0.3 కిలో. కారు టైరులో 30 గాలి పెట్టిస్తాం కదా, ఆ టైరు నేలను నొక్కేది ఇంచుమించు అంతే, చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు. పద్నాలుగు టన్నుల బండి కంటే చిన్న కారే నేలను ఎక్కువ గుచ్చుతుంది!

ఒక జాగ్రత్త. మనం వేసింది సగటు. చైన్ లోపలి చక్రాల కింద బరువు ఎక్కువ, మధ్య ఖాళీల్లో తక్కువ. అందుకే బీఎంపీకి ఒక్కోవైపు ఆరు చక్రాలు దగ్గర దగ్గరగా పెట్టారు.

ఈ లెక్క యుద్ధంలోనూ పనికొచ్చింది. 1973లో ఇజ్రాయెల్‌తో జరిగిన అక్టోబరు యుద్ధంలో సూయజ్ కాలువ దగ్గర కంతారా ఉప్పు బురదల్లో వేరే చైన్ బండ్లు దిగబడితే ఈజిప్టు బీఎంపీ-1లు (బీఎంపీ-2కు ముందు రకం) దాటగలిగాయి. కానీ తేలికదనం ఊరికే రాలేదు, కవచాన్ని పలుచన చేశారు. పెద్ద మెషిన్‌గన్ గుండ్లు పక్కలను చీల్చుకుని లోపలి వాళ్లకు తగిలేవి. ఆ లోపలి వాళ్ల గురించి నేను ఎప్పుడూ ఆలోచిస్తాను. 1981లో సేవలోకి వచ్చిన ఇలాంటిదే అయిన అమెరికా బండి బ్రాడ్లీకి తర్వాత కవచం పెంచుతూ పోయి 30 టన్నులకు తెచ్చారు. ప్రాణం కాపాడితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే బురద పట్టుకుంటుంది. ఈ బండిని తయారుచేసే ఇంజినీర్లకు అసలు టెన్షన్ అదే.

మన బీఎంపీ-2 పేరు సారథ్. గోదావరికి అవతల, తెలంగాణలోని ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారవుతుంది. దాన్ని నడిపే మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ (ఇలాంటి బండ్లలో వెళ్లి పోరాడే సైనిక దళం) శిక్షణ కేంద్రం మన మహారాష్ట్రలోనే, అహిల్యానగర్‌లో (పాత పేరు అహ్మద్‌నగర్) ఉంది. సైన్యం భర్తీకి తయారయ్యేవాళ్లు ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి.

ఇంటిపని: ఊళ్లోకి చైన్ మిషన్ వచ్చినప్పుడు, ఇంజన్ ఆపించాకే దగ్గరికి వెళ్లి టేపుతో చైన్ వెడల్పు, నేలకు ఆనే పొడవు కొలవండి. బరువు డ్రైవరన్నను అడగండి. ధాన్యం తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఒక లెక్క, నిండినప్పుడు ఇంకో లెక్క వేసి పంపండి.