రిపోర్ట్ సర్వర్ నేర్చుకుందాం – 5: తలుపు తట్టేది ఎవరు?

పోయిన భాగంలో అమ్మకాల రిపోర్టు రోజూ పొద్దున ఆరింటికల్లా మెయిల్లో వెళ్లేలా చేశాం. ఈసారి రిపోర్టులను షేర్డ్ ఫోల్డర్లోకి పంపిద్దాం. మెయిల్ కంటే తేలిక పనిలా కనిపిస్తుంది గానీ, కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. నేనూ ఇరుక్కున్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసులో జీతాల రిపోర్టు ఫోల్డర్లో పడటం లేదు. సాయంత్రం ఏడైంది, టెన్షన్. ‘ఇవాళ్టికి నడిపిద్దాం, రేపు సరిచేద్దాం’ అనుకుని ఎవ్రీవన్‌కి, అంటే అందరికీ, ఆ ఫోల్డర్ మీద ఫుల్ కంట్రోల్ ఇచ్చేశాను. రిపోర్టు పడింది, నేను ఇంటికి పోయాను. ఆ రేపు రానే లేదు. పక్క సెక్షన్ ఆయన తన మేనేజర్ జీతం ఎంతో టీ దగ్గర లెక్కతో సహా చెప్పేదాకా సంగతి బయటపడలేదు.

ఆ రోజు నేను వేసుకోని ప్రశ్న ఒక్కటే: ఈ ఫోల్డర్ తలుపు తడుతున్నది ఎవరు?

మనం వాడుతున్న రిపోర్ట్ సర్వర్ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ రిపోర్టింగ్ సర్వీసెస్. ఫోల్డర్ ఉండేది వేరే మెషీన్లో, అంటే ఫైల్ సర్వర్లో. రెండూ ఒకే డొమైన్లో, అంటే అకౌంట్లన్నీ ఒక్కచోట ఉండే ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నాయి. సబ్‌స్క్రిప్షన్ (ఏ రిపోర్టు ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఏర్పాటు) పెట్టింది మీరే అయినా ఫైలు రాసేది మీరు కాదు. సబ్‌స్క్రిప్షన్లో ఏ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చారో ఆ యూజర్ పేరు మీదే సర్వర్ వెళ్లి తలుపు తడుతుంది. అందుకే ‘నాకు ఫోల్డర్ తెరుచుకుంటోంది కదా’ అనే మాటకు ఇక్కడ విలువ లేదు. మీకు తెరుచుకుంటే మీకు తెరుచుకున్నట్టు, అంతే.

కాబట్టి ముందు డొమైన్లో రిపోర్ట్‌రైటర్ అని ఒక మామూలు అకౌంట్ చేయించండి. అడ్మిన్ హక్కులు వద్దు. 2016 వెర్షన్ నుంచి కాన్ఫిగరేషన్ మేనేజర్లో సబ్‌స్క్రిప్షన్ సెట్టింగ్స్ పేజీ ఉంది. ఫైల్ షేర్ అకౌంట్‌గా దీన్ని అక్కడ ఒక్కసారి ఇస్తే చాలు, సబ్‌స్క్రిప్షన్లలో దాన్నే ఎంచుకోవచ్చు. పాస్‌వర్డ్ మారిన రోజు ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. నలభై సబ్‌స్క్రిప్షన్లలో నలభై సార్లు పాస్‌వర్డ్ కొట్టినవాళ్లకు దీని విలువ తెలుసు.

ఇక హక్కులు. విండోస్‌లో ఇవి రెండు అంచెలు. నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్‌కి ఇచ్చే షేర్ పర్మిషన్ అపార్ట్‌మెంట్ గేటు లాంటిది, డిస్క్ మీది ఫైళ్లకు, ఫోల్డర్లకు ఇచ్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ ఫ్లాట్ తాళం లాంటిది. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్లు రెండూ దాటాలి, రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. ఫైల్ సర్వర్లోనే లాగిన్ అయినవాళ్లు గేటు లోపలే ఉన్నట్టు, వాళ్లకు తాళం ఒక్కటే అడ్డు. అందుకే ఫైల్ సర్వర్ మీద కూర్చుని డ్రైవ్‌లోంచి ఫోల్డర్ తెరిచి చూస్తే షేర్ సంగతి తేలదు.

డి డ్రైవ్‌లో రిపోర్ట్స్ ఫోల్డర్, దాని లోపల అమ్మకాలు, జీతాలు అని రెండు ఫోల్డర్లు చేయండి. పై ఫోల్డర్ ఒక్కదాన్నే షేర్ చేయండి. షేర్ పర్మిషన్లో ఎవ్రీవన్ తీసేసి ఆథెంటికేటెడ్ యూజర్స్‌కి (పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినవాళ్లకి) ఛేంజ్ ఇవ్వండి. ‘గేటు దగ్గర ఫుల్ కంట్రోల్ ఇచ్చేసి అంతా తాళానికి వదిలేద్దాం’ అనేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఛేంజ్ ఉంటే ఫైళ్లు రాయొచ్చు, చెరపొచ్చు. నెట్‌వర్క్ మీదుగా హక్కులనే మార్చే వీలు మాత్రం ఉండదు.

అసలు పని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో. మనుషుల పేర్లకు హక్కులు ఇవ్వకండి, గ్రూపులకు ఇవ్వండి. జీతాలు_రీడ్, జీతాలు_రైట్ అని రెండు, అమ్మకాలకూ అలాగే రెండు. రిపోర్ట్‌రైటర్ రెండు రైట్ గ్రూపుల్లోనూ ఉంటాడు. జీతాల ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి ఇన్‌హెరిటెన్స్, అంటే పై ఫోల్డర్ హక్కులు కిందికి దిగిరావడం, ఆపండి. అప్పుడు అడిగే రెండు మార్గాల్లో ఉన్న హక్కులను ఇక్కడే ఉంచే మార్గం ఎంచుకుని, తర్వాత విండోస్ తనే పెట్టే యూజర్స్ గ్రూపును (మామూలుగా డొమైన్లోని యూజర్లందరూ ఇందులో ఉంటారు) చేత్తో తీసేయండి. డ్రైవ్ నుంచి ఆ గ్రూపుకి చదివే హక్కు చడీచప్పుడు లేకుండా కిందికి దిగివస్తుంది. మీరు ఎవ్రీవన్ ఇవ్వకపోయినా జీతాలు బయటపడేది ఈ సందులోంచే. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్‌ను మాత్రం కదపకండి.

రీడ్ గ్రూపుకి రీడ్, రైట్ గ్రూపుకి మోడిఫై (రాయడం, మార్చడం, చెరపడం) ఇవ్వండి. పాత ఫైలు మీద కొత్తది రాయాల్సి వస్తుంది కాబట్టి ఉత్త రైట్‌తో సరిపెట్టకపోవడమే క్షేమం. హక్కు లేదని తేల్చిచెప్పే డినై జోలికి వెళ్లకండి. ఒక మనిషి రెండు గ్రూపుల్లో ఉన్న రోజు అది మీ తల తినేస్తుంది. అమ్మకాల ఫోల్డర్‌కీ ఇదే వరస. షేర్ ప్రాపర్టీస్‌లో యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్ ఆన్ చేస్తే, హక్కు లేనివాళ్లకు జీతాలు అనే పేరే కనబడదు.

సబ్‌స్క్రిప్షన్లో దారి ఇలా రాయండి: \\ఫైల్‌సర్వర్\రిపోర్ట్స్\జీతాలు. జెడ్ డ్రైవ్ అని రాస్తే పని జరగదు. ఆ జెడ్ మీ లాగిన్‌కి మాత్రమే తెలిసిన ముద్దుపేరు, సర్వీస్‌కి తెలియదు. ఇంకో మాట, ఫోల్డర్ ముందే ఉండాలి. లేకపోతే సర్వర్ తయారుచేసి పెట్టదు.

రిపోర్టు పడకపోతే సబ్‌స్క్రిప్షన్ స్టేటస్ చదవండి. లాగిన్ తప్పు అంటే పాస్‌వర్డ్ మారింది, లేదా అకౌంట్ లాక్ అయింది. యాక్సెస్ డినైడ్ అంటే గేటో తాళమో. దారే దొరకలేదంటే స్పెల్లింగ్, తర్వాత ఫైర్‌వాల్‌లో ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు. స్టేటస్ అసలు మారనే లేదంటే షెడ్యూల్ నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ ఆగిపోయి ఉండొచ్చు. ఈ తేడా తెలియకే ఆ రోజు నేను ఒక్క అకౌంట్‌కి ఇవ్వాల్సిన హక్కును అందరికీ ఇచ్చేశాను.

అభ్యాసం: మీ పీసీలో కమాండ్ ప్రాంప్ట్‌ను రిపోర్ట్‌రైటర్ పేరుతో తెరిచి, పైన రాసిన దారిలో ఒక చిన్న ఫైలు రాసి చూడండి. తర్వాత రీడ్ గ్రూపులోని ఒకరిని ఆ ఫైలు తెరవమనండి, చెరపమనండి. తెరుచుకోవాలి, చెరగకూడదు. ఆయన్ని ఇప్పుడే గ్రూపులో చేర్చి ఉంటే ముందు లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, కొత్త గ్రూపు సంగతి అప్పుడే అమల్లోకి వస్తుంది. చివరికి ఏ గ్రూపులోనూ లేని ఒకరిని పిలిచి రిపోర్ట్స్ షేర్ తెరవమనండి. ఆయనకి జీతాలు ఫోల్డర్ కనబడితే, యూజర్స్ గ్రూపు ఇంకా అక్కడే కూర్చుందేమో చూడండి.