ఐస్‌లాండ్ రింగ్ రోడ్డు ఎక్కే ముందు జాగ్రత్తలు

- దేశాన్ని చుట్టివచ్చే ఈ దారి సుమారు 1,322 కిలోమీటర్లు. కనీసం వారం పెట్టుకోండి. తొందరపడితే అంతటి జలపాతాలనూ కిటికీలోంచే చూడాల్సివస్తుంది.
- అన్నిటికన్నా భయపడాల్సింది గాలికి. కారును గాలికి ఎదురుగా ఆపి, తలుపు గట్టిగా పట్టుకుని తెరవండి. వదిలారో, విరిచేస్తుంది! ఆ నష్టం చాలా బీమాల్లోకి రాదు, కారు తీసుకునేటప్పుడే అడగండి.
- పగలైనా హెడ్‌లైట్లు వెలగాలి.
- తారురోడ్డుపై గంటకు 90, కంకర రోడ్డుపై 80 కిలోమీటర్లు దాటకూడదు. తారు అయిపోకముందే వేగం తగ్గించండి.
- నంబరు ‘ఎఫ్’ అక్షరంతో మొదలయ్యే కొండదారులకు ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి.
- ఫొటో కోసం బండిని నాచు మీదికి దించకండి. అది నేరం, పైగా ఆ నాచు మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది.
- అత్యవసరమైతే 112.