డెక్సా స్కాన్‌కి (ఎముకల గట్టితనం చూసే పరీక్ష) పోయేముందు ఇవి చూస్కోండి

మా అవ్వని ఆదోని నుంచి కర్నూలుకి బస్సులో తీస్కపోతే, పొద్దున కాల్షియం మాత్ర ఏస్కున్యాది అని తెలిసి రేపు రమ్మన్నారు, ఒక రోజు దండగ. అందుకే రాస్తున్నా.

- కాల్షియం మాత్రలు 24 గంటల ముందే ఆపేయాల. అన్నం, టిఫిన్ మామూలుగా తినొచ్చు.
- ఈమధ్య బేరియం పరీక్షో, మందు ఎక్కించి సీటీ స్కానో చేయించుకునింటే ముందే ఫోన్ చేసి చెప్పండి, కొన్నాళ్లు ఆగమంటారు.
- ఇనుము, వెండి ఏదీ ఒంటిమీద ఉండకూడదు. చీర పిన్నీసులు, జాకెట్ హుక్కులు, ప్యాంటు జిప్పు, జేబులో చిల్లర అన్నీ తీసేయాల, ముసలోళ్లకి మొలతాడుకి కట్టిన తాయెత్తు ఒకటి ఉంటాది, అది ఎవురికీ గుర్తుండదు! నడుము, తుంటి దగ్గరే తీస్తారు కదా, అక్కడ లోహం ఉంటే లెక్క తప్పొస్తాది.
- కడుపుతో ఉన్నా, అనుమానం ఉన్నా చెప్పాల.
- తుంటి మార్చినోళ్లు, వెన్నులో రాడ్లు ఉన్నోళ్లు కూడా.
- పాత రిపోర్ట్ ఉంటే తీస్కపోండి, రెండోసారైతే వీలైనంత వరకు అదే మిషన్‌లో తీయించండి, మిషన్ మారితే నంబర్లు సరిగ్గా పోల్చలేం.

క్యాంపుల్లో మడమకి పెట్టి చూసే అల్ట్రాసౌండ్ వేరే, దాంతోనే బోలు ఎముకల జబ్బు ఖాయం చేసేయకూడదు. సూదితో మందు ఎక్కించి తీసే న్యూక్లియర్ బోన్ స్కాన్ అదీ వేరే, చీటీలో ఏది రాసినారో ఒకసారి అడగండి.

స్కాన్ 10-20 నిమిషాలే, సూది ఉండదు. టీ స్కోర్ (వయసులో ఉన్నోళ్ల ఎముకలతో పోల్చి రిపోర్ట్‌లో ఇచ్చే నంబర్) మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ వస్తే బోలు ఎముకల జబ్బు కింద లెక్క.