కంప్రెషన్ స్టాకింగ్స్‌కు కొలతలు: వాపు దిగాకే టేపు పట్టాలి

కంప్రెషన్ స్టాకింగ్ అంటే వాచే కాలిని బిగుతుగా పట్టి ఉంచే సాగే మేజోడు. అది ముఖ్యంగా చేసే పని, దిగిన వాపు మళ్లీ ఎక్కకుండా పట్టి ఉంచడం. బాగా వాచిన కాలికి కొలత తీస్తే స్టాకింగ్ ఆ వాపు సైజుకే తయారవుతుంది, కాలు కాస్త తగ్గగానే వదులై జారిపోతుంది. సిరల జబ్బు వల్ల వచ్చే వాపయితే పొద్దున్న లేచిన గంటలోపే కొలత తీయించుకోండి. సాయంత్రం తీసిన కొలత దాదాపు ఎప్పుడూ తప్పే. లింఫెడిమా (శోషరస నాళాలు సరిగా పనిచేయక నీరు చేరి వచ్చే వాపు) అయితే ముందు కొన్ని వారాలు పొరలు పొరలుగా బ్యాండేజీ కట్టించుకుని వాపు దించాలి. కొన్ని రోజులుగా చుట్టుకొలత మారడం లేదని తేలాక, బ్యాండేజీ విప్పిన వెంటనే టేపు పట్టాలి. విప్పి రెండు మూడు గంటలు తిరిగి వస్తే ఆ శ్రమంతా వృథా.

టేపు కంటే ముందు డాక్టరు చూడాల్సింది కాళ్లకు రక్తం సరిగా అందుతోందా అని. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించి చూస్తారు. 0.5 కంటే తక్కువ వస్తే ఈ స్టాకింగ్స్ వేయకూడదు. 0.5 నుంచి 0.8 మధ్య ఉంటే నిపుణుల పర్యవేక్షణలో, తక్కువ ఒత్తిడితో మాత్రమే. షుగర్ ఉన్నవాళ్లలో రక్తనాళాలు గట్టిపడి ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు, కాబట్టి కాలి వేలి దగ్గర కూడా ఒత్తిడి చూడమని అడగండి. గుండె వైఫల్యం అదుపులో లేకపోయినా, కాలు ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం వస్తున్నా ముందు దానికి వైద్యం జరగాలి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు స్టాకింగ్ ఆలోచన పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దాంతోపాటు ఆయాసం కూడా ఉంటే అది అత్యవసరం.

ఇక కొలతలు. సాగని టేపు కావాలి, చర్మం మీదే పెట్టాలి, కొలిచిన ప్రతిచోటా పెన్నుతో గీత గీయాలి. అన్నింటికంటే కీలకం చీలమండ ఎముకకు కాస్త పైన, కాలు అతి సన్నగా ఉండే చోటు. స్టాకింగ్ మీద రాసిన ఒత్తిడి ఆ చోటుకు సంబంధించిందే, పైకి వెళ్లేకొద్దీ అది తగ్గుతుంది. తర్వాత పిక్క అతి లావుగా ఉన్న చోట, మోకాలి వెనక మడతకు రెండు వేళ్ల కింద. తొడ దాకా కావాలంటే తొడ మధ్యన, పైభాగాన కూడా. పొడవును నేల నుంచి మోకాలి కింది గీత వరకు తీస్తారు. టేపు చర్మానికి ఆనాలి తప్ప కండను నొక్కి పల్లం చేయకూడదు. ప్రతి కొలతా రెండుసార్లు తీసి, అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి తీయండి. రెండు కాళ్లూ ఒకేలా ఉంటాయనుకోవద్దు, విడివిడిగా కొలవండి.

ఒత్తిడిని 'క్లాస్ 2' అని మాత్రమే రాయించుకుంటే పొరపాటు జరుగుతుంది. జర్మన్ ప్రమాణంలో క్లాస్ 2 అంటే 23–32 మి.మీ. పాదరసం, బ్రిటిష్ ప్రమాణంలో 18–24. చీటీలో అంకెలు ఉండేలా చూసుకోండి.

అల్లిక కూడా అంతే ముఖ్యం. గుండ్రంగా అల్లినవి కుట్టు లేకుండా పలుచగా ఉంటాయి, సాగుతాయి. కాలు మామూలు ఆకారంలో ఉంటే ఇవి చాలు. మడతలు పడిన కాలికి మాత్రం అవి మడతలోకి దిగి తాడులా బిగుసుకుంటాయి, దాని కింద వాపు ఇంకా పెరుగుతుంది. అలాంటి కాలికి, ముదిరిన లింఫెడిమాకు, బల్లపరుపుగా అల్లి వెనక కుట్టు వేసే రకాన్ని కొలతలిచ్చి చేయించుకోవాలి. మందంగా ఉందని, అందంగా లేదని దాన్ని వద్దనుకోకండి. చీలమండ ఎముక వెనక పల్లంలో ఒత్తిడి సరిగా పడదు, అక్కడ వాపు నిలిస్తే స్పాంజి ప్యాడ్ పెట్టించుకోవచ్చు. వాచిన చేతికి ఇలాగే వేసే స్లీవ్‌కు మణికట్టు, మోచేయి, పైచేయి కొలుస్తారు. అరచేయి కూడా వాచి ఉంటే గ్లవ్ తప్పనిసరి, లేకపోతే నీరు కిందికి దిగి వేళ్లు ఉబ్బుతాయి.

స్టాకింగ్ చేతికందాక అక్కడే తొడిగి చూడండి. మడమ భాగం వరకు లోపలిది బయటికి తిప్పి, ముందు పాదం, మడమ సరిగ్గా కూర్చోబెట్టాలి. తర్వాత రబ్బరు గ్లవ్స్ వేసుకుని అరచేతులతో కొద్దికొద్దిగా పైకి నిమరాలి. పై అంచు పట్టి లాగితే బట్ట పైన ఎక్కువగా సాగి, కింద ముడతలు పడుతుంది. తొడిగాక పావుగంట నడవండి, కూర్చుని మోకాలు వంచండి. కాలి వేలిగోరు నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పుట్టినా వెంటనే తీసేయండి. పై అంచు చుట్టుకుపోతుంటే పొడవు ఎక్కువైందో, ఆ చోట చుట్టుకొలత తక్కువైందో చూడాలి. మిగిలిన బట్టను కిందికి మడిస్తే ఒత్తిడి రెట్టింపవుతుంది, ఎప్పుడూ అలా చేయకండి. అల్లిక గుర్తులు చర్మం మీద కాసేపు ఉండటం మామూలే. లోతైన గాడి పడి తగ్గకపోతే కొలతలు తిరిగి తీయాలి.

రెండు జతలు ఉండటం మంచిది, రోజూ ఒకటి ఉతకవచ్చు. మెత్తని సబ్బు చాలు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, బ్లీచ్ సాగే దారాన్ని పాడుచేస్తాయి. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి నీడలో ఆరేయండి. క్రీమ్ రాత్రి పూట రాసుకుంటే పొద్దున్న తొడగడం కష్టం కాదు. ఆరు నెలలకు సాగే గుణం తగ్గుతుంది, తొడగడం సులువవడమే దాని మొదటి గుర్తు. అప్పుడు పాత కొలతల కాగితంతో ఆర్డర్ ఇవ్వకండి, మళ్లీ పొద్దున్నే వెళ్లి కొలిపించుకోండి.