పైథాన్‌లో సొంత ఎక్సెప్షన్ క్లాసులు రాసుకునే పద్ధతి

ఆన్‌లైన్ చెల్లింపులు జరిపే ప్రోగ్రాంను ఉదాహరణగా తీసుకుందాం. ఖాతాలో నిల్వ చాలకపోయినా, బ్యాంకు సర్వర్ సకాలంలో స్పందించకపోయినా చెల్లింపు ఆగిపోతుంది గానీ, ఆ తర్వాత ప్రోగ్రాం చేయవలసిన పని ఒకటి కాదు. మొదటి సందర్భంలో ఎంత తక్కువైందో ఖాతాదారుకు తెలపాలి; రెండవ సందర్భంలో డబ్బు అప్పటికే కోత పడిందేమో సరిచూసిన తర్వాతే మళ్లీ ప్రయత్నించాలి, లేకపోతే రెండుసార్లు కోత పడే ప్రమాదం ఉంది. లోపం తర్వాత చేయవలసిన పని మారినప్పుడే కొత్త ఎక్సెప్షన్ (లోపాన్ని తెలిపే ఆబ్జెక్ట్) క్లాసు రాయాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

ముందుగా పైథాన్‌లోనే ఉన్న ఎక్సెప్షన్ అనే క్లాసు నుంచి పేమెంట్ఎర్రర్ అనే మాతృ క్లాసును రాసి, పై రెండు లోపాలకూ దాని నుంచి చెరొక పిల్ల క్లాసును రాయండి. ఎక్సెప్షన్‌కు కూడా మాతృ క్లాసైన బేస్ఎక్సెప్షన్ నుంచి నేరుగా రాయకండి. కంట్రోల్-సి నొక్కితే వచ్చే కీబోర్డ్ఇంటరప్ట్ వంటివి ఎక్సెప్షన్ కిందికి రాకుండా ఉండేందుకే వాటిని బేస్ఎక్సెప్షన్ కింద ఉంచారు. లోపాన్ని పట్టుకునే భాగంలో క్లాసు పేరు ఇవ్వకుండా ఎక్సెప్ట్ అని మాత్రమే రాస్తే అవి కూడా అందులో చిక్కుకుంటాయి.

నిల్వ ఎంత, అడిగిన మొత్తం ఎంత అన్న వివరాలను సందేశపు వాక్యంలో ఇరికించకుండా ఆబ్జెక్ట్‌లో విడివిడి యాట్రిబ్యూట్లుగా ఉంచండి. సందేశాన్ని ముక్కలు చేసి అంకెలు వెతికే కోడ్, ఎవరైనా ఆ వాక్యంలో ఒక్క మాట మార్చిన రోజే విరిగిపోతుంది.

పట్టుకునేటప్పుడు పిల్ల క్లాసుల ఎక్సెప్ట్‌లు ముందు, మాతృ క్లాసుది చివర ఉండాలి. పైథాన్ వాటిని పై నుంచి వరుసగా చూసి, సరిపోయిన మొదటిదాన్నే అమలు చేస్తుంది. ఈ వరుస తప్పితే జావా కంపైలర్ అంగీకరించదు; పైథాన్ మాత్రం ఏమీ అనదు, కింది ఎక్సెప్ట్ ఎన్నటికీ అమలు కాదు. ఎక్సెప్ట్‌లకు ముందు వచ్చే ట్రై భాగం లోపల కూడా లోపం రాగల కోడ్ పంక్తులే ఉండాలి; అది సవ్యంగా ముగిశాక చేయవలసినది ఎల్స్ భాగంలోకి వెళ్లాలి.

నెట్‌వర్క్ లైబ్రరీ నుంచి వచ్చిన టైమ్అవుట్‌ను మీ క్లాసుగా మార్చి పైకి పంపేటప్పుడు రెయిజ్‌తో పాటు ఫ్రమ్ రాసి అసలు ఎక్సెప్షన్‌ను జతచేయండి. అప్పుడు ట్రేస్‌బ్యాక్‌లో (లోపం ఎక్కడ వచ్చిందో చూపే నివేదికలో) రెండూ కనిపిస్తాయి, మొదటిది రెండవదానికి నేరుగా కారణమని కూడా అందులో నమోదవుతుంది.