డబ్బిచ్చి కొన్న లింకులు వదిలించుకున్నాను: నా అనుభవం

గూగుల్ సెర్చ్‌లో మన సైట్ పరిస్థితి చూపించే సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) నోటీసు చూడగానే గుండె గుభేలుమంది. నా సైట్‌కి వేరే సైట్ల నుంచి అసహజ లింకులున్నాయట. అంతకుముందు సెర్చ్‌లో పైకి రావాలని డబ్బిచ్చి లింకులు పెట్టించుకున్నాను, తప్పు నాదే.

లింకుల రిపోర్టు డౌన్‌లోడ్ చేసి ఒక్కో డొమైన్ తెరిచి చూశాను. ఒకే యాంకర్ టెక్స్ట్ (లింకు మీద కనిపించే మాటలు), అచ్చుగుద్దినట్టు పేజీ తర్వాత పేజీలో! ముందు ఆ సైట్ల వాళ్లకు తీసేయమని మెయిల్ పెట్టాను. కొందరే తీశారు. మిగతా డొమైన్లను టెక్స్ట్ ఫైల్‌లో వరుసకొకటి రాసి డిసవౌ టూల్‌లో (ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పేది) ఎక్కించాను. ఒక జాగ్రత్త: కొత్త ఫైల్ ఎక్కిస్తే పాతది పోతుంది, అందుకే ప్రతిసారీ పూర్తి జాబితా ఉండాలి. నోటీసు రాకుండా, చెత్త లింకులు కనిపించాయన్న టెన్షన్‌తో మాత్రం దీని జోలికి వెళ్లకండి. 2016లో వచ్చిన పెంగ్విన్ 4.0 (చెత్త లింకులను పట్టే గూగుల్ అప్‌డేట్) నుంచి గూగుల్ అలాంటివాటిని చాలావరకు లెక్కలోకే తీసుకోదు.

చివరికి చేసినదంతా వివరంగా రాసి రీకన్సిడరేషన్ రిక్వెస్ట్ (సైట్‌ని మళ్లీ పరిశీలించమనే విన్నపం) పెట్టాను. కొన్ని వారాలకు యాక్షన్ ఎత్తేశారు.